పాటల్లో కథ స్పష్టంగా లేకపోతే అది కాన్సెప్ట్ ఆల్బమ్ కాదా?

తోతాపురి_గిటార్

మాది బంగారుపాళ్యం దగ్గర పల్లె. ఉద్యోగం తిరుపతిలో. నలుగురం కలిసి రెండేళ్లుగా ఒక కాన్సెప్ట్ ఆల్బమ్, అంటే పాటలన్నీ ఒకే విషయం చుట్టూ అల్లిన ఆల్బమ్ చేస్తున్నాం. తొమ్మిది పాటలు, 41 నిమిషాలు. ఒక మామిడి తోట, అందులో ఒక ఏడాది. అంతే విషయం. పాటల పేర్లు వరుసగా పూత, మంచు, పిందె, బేరం, కోత, క్యూ, వాన, రంపం, మోడు.

పోయిన ఆదివారం భవానీ నగర్‌లో మిత్రుడి మిద్దె మీద 12 మందిని కూర్చోబెట్టి మొదటి నుంచి చివరిదాకా వినిపించాం. ట్యూన్లు బాగున్నాయన్నారు. కథ ఏమిటని అడిగితే ఇద్దరే చెప్పగలిగారు. మిగతావాళ్లలో ఒకరు ప్రేమ విఫలమైనవాడి పాటలు అన్నారు. ఇంకొకరు ఊరు వదిలి బెంగళూరు పోయినవాడి పాటలు అన్నారు. అప్పటి నుంచి మా సింగర్‌ది ఒకటే మాట. "ఎవరి తోట, ఎవరు నరికారు, ఎందుకు నరికారు, ఒక్క పాటలోనూ లేదు. కథే తెలియకపోతే ఇది కాన్సెప్ట్ ఆల్బమ్ ఎట్లా అవుతుంది? ప్రతి పాట ముందూ రెండు వాక్యాలు చెప్పిద్దాం" అంటాడు.

నాకు ఆ రెండు వాక్యాలు పెట్టడం ఇష్టం లేదు. కానీ 12 మందిలో ఇద్దరే అంటే తప్పు నాదేనేమో అని టెన్షన్‌గా ఉంది. వచ్చే నెల మిక్సింగ్. ఈలోపు తేల్చుకోవాలి. మీరేమంటారు?

లీలామహల్_సర్కిల్

కథ అక్కర్లేదు. ఇంగ్లండ్ రాక్ బ్యాండ్ పింక్ ఫ్లాయిడ్ 1973లో తెచ్చిన ద డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్‌లో కథ ఎక్కడుంది? కాలం, డబ్బు, చావు, పిచ్చి. ఒక్కోటి ఒక్కో పాట. పాత్ర లేదు, సంఘటన లేదు. గుండె చప్పుడుతో మొదలై గుండె చప్పుడుతో ముగుస్తుంది. దాన్ని కాన్సెప్ట్ ఆల్బమ్ కాదనేవాడు ఎవడైనా ఉన్నాడా? మీ సింగర్‌కి ఆ ఒక్క ఆల్బమ్ లైట్లు ఆపి వినిపించు.

హరికథ_మనవడు

లీలామహల్ అన్న చెప్పినది సగమే. అదే బ్యాండ్ 1979లో ద వాల్ తెచ్చింది. అందులో కథ ఉంది, కథానాయకుడికి పింక్ అని పేరు కూడా ఉంది. నాన్న యుద్ధంలో పోవడం, బడి, తల్లి, పెళ్లి, చివరికి గోడ. వాళ్లు రెండు దారులూ నడిచారు. నువ్వు ఒక దారే చూపిస్తున్నావు.

నా మాట సూటిగా చెప్తాను. గిటార్ తమ్ముడు "ఒక తోటలో ఒక ఏడాది" అన్నాడు. ఏడాది అన్నాక ముందూ వెనకా ఉంటుంది. ముందూ వెనకా ఉంటే అది కథే. కథ చెప్పడానికి కూర్చుని కథ దాచిపెడితే వినేవాడికి అన్యాయం చేసినట్టే. మా తాత హరికథ చెప్పేవాడు. భారతం ఉత్సవాలకు మన జిల్లాలో ఏ ద్రౌపదమ్మ గుడికి పోయినా పగలు హరికథ, రాత్రి వీధినాటకం. 18 రోజులు. అక్కడ కూర్చున్న ముసలమ్మకు భారతం మా తాతకంటే బాగా తెలుసు. అయినా ఆయన "తెలిసిన కథే కదా" అని చెప్పడం మానలేదు. అర్జునుడు తపస్సు మాను, అంటే ఆ ఎత్తైన స్తంభం, ఎక్కే రోజు ఎందుకు ఎక్కుతున్నాడో మళ్లీ మొదటి నుంచి చెప్పేవాడు.

కపిలతీర్థం_వాన

తపస్సు మాను రోజు మా అమ్మ నన్ను భుజం మీద కూర్చోబెట్టుకుని చూపించేది. పైనుంచి నిమ్మకాయలు విసిరితే పట్టుకోవడానికి తోపులాట. ఒకసారి నా నెత్తిన పడింది. 😀

బెంచ్_లాస్ట్

హిప్‌హాప్ వైపు నుంచి ఒక మాట. అమెరికా ర్యాపర్ కెండ్రిక్ లమార్ 2012 ఆల్బమ్ గుడ్ కిడ్, మ్యాడ్ సిటీ. అట్ట మీదే దాన్ని షార్ట్ ఫిల్మ్ అని రాసుకున్నాడు. కథ ఉంది, కానీ వరుసలో లేదు, ముక్కలు ముక్కలుగా వస్తుంది. పాటల మధ్య వాళ్ల అమ్మానాన్నలు ఫోన్లో వదిలిన మెసేజ్‌లు వినిపిస్తాయి. వ్యాన్ తీసుకుని పోయాడు, ఎప్పుడు తెచ్చిస్తాడని వాళ్లమ్మ గోల. ఆ మెసేజ్‌లు కలుపుకుంటే కథ అర్థమవుతుంది. నేను నాలుగోసారి విన్నప్పుడు అర్థమైంది. ఆ నాలుగోసారి వచ్చిన ఆనందం మొదటిసారే అంతా చెప్పేస్తే వచ్చేది కాదు.

హరికథ_మనవడు

నాలుగుసార్లు వినే ఓపిక నీకుంది. అందరికీ ఉంటుందా?

బెంచ్_లాస్ట్

బాగుంటే ఉంటుంది అన్నా. బాగాలేకపోతే కథ చెప్పినా ఒక్కసారి కూడా వినరు.

వీణ_టీచర్

ఇంగ్లీషు ఆల్బమ్‌లే ఎందుకు? మన దగ్గర ఈ రెండు పద్ధతులూ ఎప్పటి నుంచో ఉన్నాయి. త్యాగరాజస్వామి నౌకాచరిత్రం రాశారు. గోపికలు, కృష్ణుడు యమునలో పడవెక్కడం, పడవకు చిల్లి పడటం, వాళ్ల గర్వం అణగడం, అంతా కథే. పాటల మధ్య పద్యాలూ వచనమూ కథ నడుపుతాయి. మీ సింగర్ అడిగే రెండు వాక్యాలు అవే. అదే త్యాగరాజస్వామి ఘనరాగ పంచరత్నాలు కూడా చేశారు. నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీ. ఐదూ ఆది తాళమే. ఒకదాని నుంచి ఇంకోదానికి కథ లేదు. కానీ ఐదూ కలిసి పాడితేనే ఆరాధన అనిపిస్తుంది. అక్కడ కట్టి ఉంచేది రాగం, తాళం, నిర్మాణం. సాహిత్యంలో కథ కాదు.

కాబట్టి ప్రశ్న కథ ఉందా లేదా అని కాదు. మీ తొమ్మిది పాటలను ఏది కట్టి ఉంచుతోంది? అది ముందు చెప్పండి.

తోతాపురి_గిటార్

టీచరమ్మా, ఒక నాలుగు స్వరాల ముక్క ఉంది. మొదటి పాటలో వేణువు మీద వస్తుంది. కోతలో ఎలక్ట్రిక్ గిటార్ మీద. చివరి పాటలో అదే ముక్క నెమ్మదిగా, మూడు స్వరాలే వినిపించి నాలుగోది రాకుండా ఆగిపోతుంది. ఇంకోటి, పల్లవుల్లో చెట్టు అనే మాట ఎక్కడా లేదు. కొమ్మ, నీడ, జిగురు, పూత, ఇవే వస్తాయి. "చెట్టు" అనే మాట చివరి పాటలో ఒకే ఒక్కసారి వస్తుంది.

వీణ_టీచర్

నాలుగో స్వరం రాకపోవడం చాలా మంచి ఆలోచన. ఆ స్వరం షడ్జమమా, ఆధారమైన స?

తోతాపురి_గిటార్

అవును. ఇంటికి చేరకుండా ఆగిపోయినట్టు ఉండాలని.

లీలామహల్_సర్కిల్

ఇంక వాదన ఎందుకు. ఇదే కథ.

హరికథ_మనవడు

నీకూ టీచరమ్మకూ. మిద్దె మీద కూర్చున్న ఆ పది మందికి షడ్జమం తెలియదు కదా.

ఎంకి_అభిమాని

ఎవరూ తీసుకురాలేదు కాబట్టి నేను చెప్తాను. నండూరి సుబ్బారావు గారి ఎంకి పాటలు 1925లో పుస్తకంగా వచ్చాయి. ఎంకి, నాయుడు బావ. ఇంత కాలంగా తెలుగువాళ్లు పాడుకుంటున్నారు. కథ చెప్పమంటే ఏం చెప్తారు? ఇద్దరు ప్రేమించుకున్నారు. అంతకు మించి చెప్పలేరు. కానీ ఎంకి ఎట్లా ఉంటుందో ప్రతి ఒక్కరికీ కళ్ల ముందు కనిపిస్తుంది. పక్కన విశ్వనాథ వారి కిన్నెరసాని పాటలు పెట్టి చూడండి. అక్కడ పూర్తి కథ ఉంది. అత్తతో పడలేక కిన్నెర అడవిలోకి పోవడం, వాగై పారడం, మగడు రాయిగా మారడం, సముద్రుడి మోహం, గోదావరి. రెండూ గొప్పవే. ఒకటి మనిషిని చూపిస్తుంది, ఇంకోటి మనిషికి ఏం జరిగిందో చెప్తుంది. గిటార్ గారి ఆల్బమ్ ఈ రెండింటిలో ఏదో ఆయనే తేల్చుకోవాలి. నాకైతే ఎంకి వైపే మనసు.

హరికథ_మనవడు

ఇది ఒప్పుకుంటాను. ఎంకి ఉదాహరణకు నా దగ్గర జవాబు లేదు. కానీ ఒకటి. ఎంకికి పేరుంది. ఈ తోట ఎవరిదో పేరు లేదు.

గంగజాతర_వేషం

మన ఊళ్లోనే ఉండి జాతర ఎవరికీ గుర్తు రాలేదా? మే నెలలో తాతయ్యగుంట గంగమ్మ జాతర ఏడాదికోసారి చూస్తాం కదా. ఒకరోజు బైరాగి వేషం, ఒళ్లంతా తెల్ల సుద్ద. తర్వాత బండ వేషం, తోటి వేషం, దొర వేషం, మాతంగి వేషం. వీధిలో పోయే పిల్లాడి ఒంటి మీద బొగ్గు పూసి ఉంటుంది. వాడు కథ చెప్పడు. అమ్మను ఇంత బూతు అంటాడు, పోతాడు. కానీ తిరుపతిలో పుట్టినవాళ్లకు తెలుసు. పాలెగాడు ఆడవాళ్లను చెరబట్టేవాడు, అమ్మ వాడి కోసం రోజుకో వేషంలో వెతుకుతోంది, దొర వేషం రోజు వాడు మోసపోయి బయటికొస్తాడు, తల తెగుతుంది. మర్నాడు మాతంగి వేషంలో వాడి భార్యను ఓదార్చడానికి అమ్మే పోతుంది.

వేషాల్లో కథ ఒక్క ముక్క చెప్పరు. ఒక్క వేషం చూస్తే ఏమీ అర్థం కాదు. అన్నీ వరుసగా చూస్తేనే. నా దృష్టిలో ఇంతకంటే పెద్ద కాన్సెప్ట్ ఆల్బమ్ లేదు. నేను ఏడేళ్ల వయసు నుంచి వేషం వేస్తున్నాను, నవ్వులాటకు అనడం లేదు.

బెంచ్_లాస్ట్

మాతంగి వేషం సంగతి నాకు తెలియదు అన్నా. చంపిన అమ్మే పోయి ఓదార్చడం. ఒళ్లు జలదరించింది.

హరికథ_మనవడు

గంగజాతర, నువ్వే నా పాయింటు చెప్పావు. "తిరుపతిలో పుట్టినవాళ్లకు తెలుసు." ఎట్లా తెలుసు? ఎవరో ఒక అవ్వ పక్కన నిలబడి చెప్పింది కాబట్టి. కథ వేషంలో లేకపోయినా వీధిలో ఉంది. గిటార్ తమ్ముడి మామిడి తోట కథ వీధిలో లేదు. మరి వినేవాడి పక్కన నిలబడి చెప్పే అవ్వ ఎవరు?

గంగజాతర_వేషం

ఇది ఆలోచించాల్సిన మాటే.

పలమనేరు_ఫేడర్

చిన్న స్టూడియో నడుపుతాను, ఈ మాటలన్నీ రికార్డింగ్ గదిలో రోజూ వింటాను. ఆ అవ్వ పని ఎల్పీ రికార్డుల కాలంలో అట్ట చేసేది. జెనెసిస్ అనే రాక్ బ్యాండ్ వాళ్ల 1974 డబుల్ ఆల్బమ్ ద ల్యాంబ్ లైస్ డౌన్ ఆన్ బ్రాడ్‌వే తీసుకోండి. రాయెల్ అనే కుర్రాడి కథ. పాటలు మాత్రమే వింటే తల తిరుగుతుంది. వాళ్ల సింగర్ పీటర్ గాబ్రియెల్ కథంతా రాసి అట్ట లోపల అచ్చు వేయించాడు. ఇటలీ స్వరకర్త వివాల్డి ఫోర్ సీజన్స్ 1725లో అచ్చయినప్పుడు ఒక్కో రుతువుకు ఒక్కో సానెట్, అంటే 14 పంక్తుల పద్యం, జత చేశారు. పాటే లేని సంగీతానికి కూడా కాగితం మీద కథ ఇచ్చారన్నమాట.

ఇప్పుడు అట్ట లేదు. ఫోన్లో వింటారు, షఫుల్ పెడతారు. నీ ఆరో పాట మొదట వస్తుంది, తొమ్మిదోది మూడోదిగా వస్తుంది. కాబట్టి వరుస మీద మరీ ఆశ పెట్టుకోవద్దు. ప్రతి పాటా ఒంటరిగా నిలబడాలి. వరుసగా విన్నవాడికి ఇంకా ఎక్కువ దొరకాలి. 12 మందిలో ఇద్దరికి దొరికిందంటే నాకు తక్కువ అనిపించడం లేదు.

లీలామహల్_సర్కిల్

షఫుల్ గురించి చెప్పావు కాబట్టి. కెండ్రిక్ 2017 ఆల్బమ్ డ్యామ్ వెనక నుంచి ముందుకు విన్నా నిలబడుతుంది. అదే ఏడాది చివర్లో పాటల వరుస తిరగేసి కలెక్టర్స్ ఎడిషన్ కూడా వదిలారు. వరుసనే ఆటగా మార్చాడు.

మామిడి_మండీ

ఇంత సంగీతం నాకు తెలియదు. మామిడి మాట కనిపిస్తే లోపలికి వచ్చాను. దామలచెరువు మండీలో పని చేస్తాను. ఆ పాటలు ఒకటి రెండు వినిపిస్తారా? అర్థమయ్యేదీ లేనిదీ మాలాంటివాళ్లు చెప్పాలి కదా.

తోతాపురి_గిటార్

మండీ అన్నా, చాలా సంతోషం. క్యూ, రంపం రెండూ రఫ్ మిక్స్. లింకు మీకు మెసేజ్‌లో పంపాను. ఇంకెవరికైనా కావాలంటే చెప్పండి, పంపుతాను.

బెంచ్_లాస్ట్

నాకు.

వీణ_టీచర్

నాకు కూడా.

హరికథ_మనవడు

నాకు పంపకపోతే ఊరుకోను.

మామిడి_మండీ

విన్నాను. రెండుసార్లు. క్యూ పాటలో ఫ్యాక్టరీ అనే మాట లేదు, ట్రాక్టర్ అనే మాట లేదు. కానీ మొదటి నిమిషంలోనే తెలిసిపోయింది. ఇంజన్ స్టార్ట్ చేస్తారు, రెండు మూడు గజాలు ముందుకు పోతుంది, ఆపేస్తారు. మళ్లీ స్టార్ట్, మళ్లీ ఆపడం. డీజిల్ మిగుల్చుకోవడానికి. గుజ్జు ఫ్యాక్టరీ గేటు ముందు రెండు రోజులు నిలబడినవాడికి అది చెప్పక్కర్లేదు. తర్వాత టిక్ టిక్ అని చుక్కలు పడతాయి చూశారా, అది వాన కాదు. లోడులో అడుగు కాయలు వేడికి నలిగి రసం కారుతుంది, ట్రాలీ సందుల్లోంచి రోడ్డు మీద పడుతుంది. ఆ శబ్దం ఎక్కడ పట్టారో గానీ నాకు ఆ వాసన కూడా వచ్చింది. ఆ రోజుల్లో ధర ఎంత తగ్గినా లోడు వెనక్కి తీసుకుపోలేం. కోసిన కాయ ఆగదు.

రంపం పాట మాత్రం నాకు నచ్చలేదు. అందులో మాటలు ఎక్కువైనాయి. చెట్టు నరికేటప్పుడు ఎవరూ అంత మాట్లాడరు.

బెంచ్_లాస్ట్

నేను వానే అనుకున్నాను! చుక్కల శబ్దం విని ఒక అమ్మాయి కోసం వానలో ఎదురుచూస్తున్నాడని రాసుకున్నాను కూడా. మండీ అన్న పోస్టు చదివాక మళ్లీ విన్నాను. ఇప్పుడు వేరే పాట.

హరికథ_మనవడు

అదిగో, అవ్వ దొరికింది. మండీ అన్నే ఆ అవ్వ. 😀

కానీ నా మాట మీద నేను ఉన్నాను. రంపం పాటలో ఎవరో ఎవరి మీదో కోపంగా ఉన్నారు. ఎవరి మీద? నరికించినవాడి మీదా, కొనేవాడి మీదా, ధర మీదా? అది తేలక నాకు ఆ పాట చేతికి అందలేదు. మండీ అన్న మాటలు ఎక్కువ అంటున్నాడు, నేను సరైన మాట లేదంటున్నాను.

వీణ_టీచర్

రెండూ ఒకటే అని నాకనిపిస్తోంది. చెప్పాల్సిన ఒక్క మాట లేనప్పుడే చుట్టూ మాటలు పెరుగుతాయి. నా విద్యార్థులు రాగం మీద పట్టు లేనప్పుడే సంగతులు, అంటే ఒకే పంక్తికి మార్చి మార్చి పాడే మెరుగులు, ఎక్కువ వేస్తారు.

తమ్ముడూ, ఒకటి అడుగుతాను, చెప్పాలనుకుంటేనే చెప్పు. ఆ తోట ఎవరిది?

తోతాపురి_గిటార్

మాదే. మా నాన్న వేసిన తోట. నేను పుట్టిన ఏడాది నాటాడు. అంతా తోతాపురే. ఏ ఏడాది కాపు బాగుంటే ఆ ఏడాది ధర ఉండదు, ధర ఉన్న ఏడాది మంచు కురిసి పూత మాడిపోతుంది, లేకపోతే తేనెమంచు పురుగు. అట్లా మూడేళ్లు వరసగా పోయింది. అప్పుంది. ఒకరోజు నేను తిరుపతి నుంచి ఇంటికి పోతే రోడ్డు మీద నుంచే మా ఇల్లు కనిపించింది. అంతకు ముందు ఎప్పుడూ కనిపించేది కాదు, చెట్లు అడ్డం ఉండేవి. 62 చెట్లు. నాతో ఒక్క మాట అనలేదు. అమ్మ అన్నం పెట్టింది, ముగ్గురం తిన్నాం, నాన్న బస్సుకు టైమైంది అన్నాడు. ఈ రోజు వరకూ ఆ విషయం మా ఇంట్లో ఎవరం మాట్లాడలేదు.

అందుకే పాటల్లో కథ పెట్టలేదు. ఆ రెండు వాక్యాలు పెడితే మా నాన్న చెప్పని మాట ఆయన తరఫున నేను చెప్పినట్టవుతుంది. ఆయన ఈ పాటలు వింటాడు. ఆల్బమ్ ఆయన కోసమే. కోపం ఎవరి మీద అని హరికథ అన్న అడిగాడు. నాకే తెలియదు. ఆయన మీద అని కొన్నిసార్లు అనిపిస్తుంది, ఆ రోజు నేను అక్కడ లేను కదా అని ఇంకొన్నిసార్లు.

కపిలతీర్థం_వాన

రోడ్డు మీద నుంచి ఇల్లు కనిపించడం... ఇది పాటల్లో ఉందా?

తోతాపురి_గిటార్

లేదు.

కపిలతీర్థం_వాన

పెట్టండి. దయచేసి పెట్టండి. ఆ ఒక్కటి చాలు.

హరికథ_మనవడు

తమ్ముడూ, ఇంతసేపు గట్టిగా మాట్లాడాను, ఏమీ అనుకోవద్దు. వ్యాఖ్యానం పెట్టొద్దు. నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. మీ సింగర్‌కి నా పేరు చెప్పి వద్దను.

కానీ ఒకటి మిగులుతుంది, ఇది కూడా మా తాత దగ్గర చూసిందే. కర్ణుడి దగ్గరికి కుంతి వచ్చిన చోట ఆయన పాడడం ఆపేసి చిడతలు కిందికి దించేవాడు. కొన్ని క్షణాలు ఏమీ చెప్పడు. జనానికి ఊపిరి ఆడేది కాదు. ఆయన మర్చిపోలేదని, కావాలనే ఆగాడని అందరికీ తెలిసేది, ఎందుకంటే చిడతలు చేతిలో అట్లాగే ఉండేవి. నువ్వు చెప్పకపోవడం వేరు, ఒకరు చెప్పలేకపోతున్నారని వినిపించడం వేరు. నీ రంపం పాటలో ఇప్పుడు మొదటిదే ఉంది. రెండోది కావాలి.

పలమనేరు_ఫేడర్

దీనికి స్టూడియోలో ఒక దారి ఉంది. డార్క్ సైడ్ రికార్డింగ్ చివర్లో పింక్ ఫ్లాయిడ్‌లోని రోజర్ వాటర్స్ కార్డుల మీద ప్రశ్నలు రాసి ఆబీ రోడ్ స్టూడియోలో దొరికినవాళ్లందరినీ మైకు ముందు కూర్చోబెట్టి అడిగాడు. చావంటే భయమా, చివరిసారి ఎవరిని ఎప్పుడు కొట్టావు, ఇట్లాంటివి. బ్యాండ్ సామాన్లు మోసే రోడ్డీలు, స్టూడియో వాచ్‌మన్, అందరూ జవాబు చెప్పారు. ఆ గొంతులే పాటల మధ్య వినిపించేవి. చివర్లో గుండె చప్పుడు మీద మాట్లాడేది ఆ వాచ్‌మనే. వాళ్లు కథ చెప్పలేదు. కానీ మనిషి ఉన్నాడని తెలుస్తుంది.

మీ నాన్న గొంతు ఎక్కడైనా ఉందా ఆల్బమ్‌లో?

తోతాపురి_గిటార్

లేదు. తోట గురించి ఆయన్ని ఏమని అడగను?

మామిడి_మండీ

తోట గురించి అడగొద్దు. లెక్కపెట్టమనండి.

మండీలో కాయ దించేటప్పుడు పాతకాలం రైతులు ఇప్పటికీ లెక్క ఎట్లా మొదలుపెడతారో మీకు తెలుసు. "ఒకటి" అనరు. "లాభం" అంటారు. లాభం, రెండు, మూడు, నాలుగు. ఎంత నష్టానికి అమ్ముతున్నా లాభం అనే మొదలుపెడతారు. మీ నాన్న కూడా అట్లాగే అనుంటాడు. కోత పాటలో క్రేట్లు లెక్కపెట్టే గొంతు పెట్టండి. వినేవాళ్లు ఎవరైనా "ఇదేంది, ఒకటికి బదులు లాభం అంటున్నాడు" అని ఒక క్షణం ఆగుతారు. చివర్లో మొద్దుల దగ్గర కూడా అదే గొంతుతో లెక్క. అక్కడ "ఒకటి" అని మొదలైతే చాలు కదా. ఇంక మాటలెందుకు?

బెంచ్_లాస్ట్

మండీ అన్నా...

ఎంకి_అభిమాని

ఇంతసేపూ మనం చెప్పుకున్న ఆల్బమ్‌లన్నీ ఒక ఎత్తు, ఈ పోస్టు ఒక ఎత్తు.

లీలామహల్_సర్కిల్

మా ఇంట్లో వడ్లు కొలిచేటప్పుడు మా నాయనమ్మ అట్లాగే అనేది. నేను పూర్తిగా మర్చిపోయాను. ఈ తరం పిల్లలకు తెలుస్తుందా అన్నది ఒక్కటే అనుమానం.

గంగజాతర_వేషం

తెలియనివాళ్లు పక్కవాళ్లను అడుగుతారు. అడిగించుకోవడం మంచిదే. నేను మొదటిసారి బైరాగి వేషం వేసినప్పుడు ఎందుకో నాకే తెలియదు.

వీణ_టీచర్

సంగీతం వైపు నుంచి ఒక సూచన. ఆ రెండు చోట్లా గొంతు కింద తంబూర గానీ గిటార్ గానీ వద్దు. లెక్క ఒక్కటే వినిపించాలి. లెక్కకు సహజంగా ఒక లయ ఉంటుంది, దాన్ని మీ మెట్రోనోమ్‌కు సరిపెట్టొద్దు. పాటే ఆ లయలోకి వచ్చి చేరాలి. రంపంలో సాహిత్యం పూర్తిగా తీసేయవచ్చేమో ఆలోచించండి.

తోతాపురి_గిటార్

రెండు వారాలైంది, ఆలస్యానికి ఏమీ అనుకోవద్దు. ఏం జరిగిందో చెప్పాలి.

రంపం పాటలో మాటలు తీసేశాను. ఇప్పుడు అది మూడు నిమిషాల వాద్యమే. క్యూ పాట ముందు రెండు పంక్తులు కొత్తగా వచ్చాయి, రోడ్డు మీద నుంచి ఇల్లు కనిపించడం గురించి కాదు, కనిపించకపోవడం గురించి. బస్సు దిగితే ఇల్లు కనిపించదు, చెట్ల వెనక ఉంటుంది అని. కనిపించడం మోడు పాటలో, చెట్టు అనే మాట వచ్చే చోట. సింగర్ ఆ పంక్తి పాడాక హెడ్‌ఫోన్స్ తీసి బయటికి పోయి నిలబడ్డాడు. వ్యాఖ్యానం సంగతి మళ్లీ ఎత్తలేదు.

పోయిన శనివారం ఊరికి పోయాను. మిగిలిన చెట్లు 18. ఈ ఏడాది కాపు కొంచెం ఉంది. నాన్నను క్రేట్లు లెక్కపెట్టమన్నాను. ఎందుకని అడగలేదు. ఫోను పక్కన పెడితే చూసి చూడనట్టు ఊరుకున్నాడు. లాభం, రెండు, మూడు. 31 దాకా చెప్పాడు. అది బాగా వచ్చింది, వెనక కాకి అరుపు కూడా పడింది.

సాయంత్రం మొద్దుల వైపు నడిచాం. ఇన్నేళ్లలో ఇద్దరం కలిసి అటు పోవడం అదే మొదటిసారి. ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టు నాన్నా అన్నాను. నా గొంతే సరిగా రాలేదు. ఆయన ఒకదాని మీద కాలు పెట్టాడు. మండీ అన్న అన్నట్టు "ఒకటి" అంటాడని నేను చూస్తున్నాను. అలవాటు కొద్దీ ఆయన "లాభం" అన్నాడు. అని, ఆగిపోయాడు. రెండు అనలేదు. చాలాసేపు గాలి శబ్దమే ఉంది ఫోన్లో. తర్వాత "పద, మీ అమ్మ చూస్తా ఉంటుంది" అన్నాడు.

ఇప్పుడు ఆల్బమ్ చివర అదే ఉంది. లాభం అన్న మాట, తర్వాత గాలి. నాలుగో స్వరం రాకుండా ఆగే చోటు దాని తర్వాత వస్తుంది. గాలి 19 సెకన్లు ఉంది. సింగర్ తగ్గించమంటున్నాడు. నాకు తగ్గించబుద్ధి కావడం లేదు.

మామిడి_మండీ

తగ్గించొద్దు.

హరికథ_మనవడు

చిడతలు చేతిలోనే ఉన్నాయి తమ్ముడూ. ఒక్క సెకను కూడా తగ్గించొద్దు.

పలమనేరు_ఫేడర్

ఫోన్లో పట్టిన గాలి కాబట్టి కింద గరగర ఉంటుంది. శుభ్రం చేస్తే గాలి కూడా పోతుంది, వద్దు. కింది శబ్దాలు కొంచెం తగ్గిస్తే చాలు, అది నేను చేసి పెడతాను. డబ్బులు వద్దు. మోడు పాట ముందు గ్యాప్ పెట్టకుండా రంపం నుంచి నేరుగా కలిపి పంపు. ఒరిజినల్ ఫైలే పంపు, వాట్సాప్‌లో మాత్రం వద్దు.